ముందు తెలుగులో చెప్పేదా?

మాది ముళబాగిలు పక్క. ఇంట్లో తెలుగు, బడిలో పదో తరగతి దాకా కన్నడ. సి.ఇ.టి.లో కన్నడ మీడియం వాళ్ళకి 5 శాతం సీట్లుంటాయి. మా అక్కచెల్లెళ్ళం ఇద్దరమూ ఆ కోటాలోనే ఇంజినీరింగు చదివినాము. ఉద్యోగానికి పోతే కోటా ఎక్కడిది?

మొదటి ఇంటర్వ్యూలో బగ్గు సివియారిటీకీ ప్రయారిటీకీ తేడా ఏమని అడిగినారు. తెలుసు మాకు. మొదటి పేజీలో కంపెనీ పేరే తప్పుగా పడిందనుకోండి, సాఫ్ట్‌వేరు ఆగిపోదు, అయినా ముందు దాన్నే దిద్దాల. అంతే సంగతి. ఇంగ్లీషులో చెప్పను నోరు పెగల్లేదు. బస్సులో ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఇంటికొచ్చినాము.

ఇప్పుడు ఊరికి పోయినప్పుడల్లా మా చిన్నాయన కూతుర్ని అదే అడుగుతాము. "అక్కా, ముందు తెలుగులో చెప్పేదా?" అంటుంది. చెప్పమ్మా అంటాము. తర్వాత కన్నడ, ఆఖరికి ఇంగ్లీషు. పోయిన ఆదివారం మూడోసారికి తడబడకుండా చెప్పేసింది. ఈ సోమవారమే దాని ఇంటర్వ్యూ.