“బాగున్నది” అన్న మాట చాలునా?

ఇది నేను ఒకసారి వ్రాసి, చింపివేసి, మరల వ్రాసిన ఒక నివేదికనుగూర్చిన సంగతి. మొదటిసారి వ్రాసినప్పుడు నాకు సంతోషము కలిగెను. రెండవసారి వ్రాసినప్పుడు సిగ్గు కలిగెను. అయినను పదిమందికి పనికివచ్చినది రెండవదే గనుక ఆ సంగతి మీకు చెప్పగోరుచున్నాను.

నేను 32 సంవత్సరములు పల్లెలలో పంతులమ్మగా పనిచేసితిని. పింఛను పుచ్చుకొన్న రెండవ యేట నాకొక వింత బాధ మొదలాయెను. రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చును. గుండె దడదడ కొట్టుకొనును. అరచేతులు చెమర్చును. ఏదో కీడు రానున్నదని మనస్సు చెప్పును గాని, ఏ కీడో చెప్పదు. తెల్లవారువరకు గోడ కానుకొని కూర్చుందును. గుండె పరీక్ష చేయించితిని, బాగున్నదనిరి. రక్తము పరీక్షించి, రక్తహీనత లేదు, థైరాయిడ్ సరిగానే యున్నదనిరి. చివరకు పట్టణములో ఒక డాక్టరమ్మ, “అమ్మా, ఇది గుండెజబ్బు కాదు, ఆందోళన రోగము. మీరు పిరికివారై తెచ్చుకొన్నది కాదు. భక్తి తక్కువై వచ్చినదీ కాదు. దీనికి చికిత్స ఉన్నది” అని చెప్పెను. ఆ మాట విని నేను చిన్నపిల్లవలె ఏడ్చితిని. ఏలయనగా నాకు నేను ఆ రెండు నేరములును మోపుకొని యుంటిని.

ఆమె నన్ను వారమునకొకసారి చొప్పున ఎనిమిది వారములు జరుగు ఒక కూటమునకు పంపెను. అక్కడ ఒక లారీ డ్రైవరు, ఒక కాలేజీ పిల్లవాడు, ఒక బాలింత, నావంటి ముసలివారు ఇద్దరు ముగ్గురు ఉండిరి. నా ఒక్కదానికే ఈ బాధ యనుకొన్న తలంపు మొదటి దినముననే విడిచిపోయెను. అక్కడ నేర్పిన ముఖ్యమైన సంగతి యిది: భయపడినదానిని తప్పించుకొన్నకొలది ఆ భయము పెరుగును. మెట్టు మెట్టుగా దాని యెదుట నిలిచినకొలది అది తగ్గును. నాకు మేలు కలిగెను. అందువలన అందరికిని మేలు కలుగునని నేను తలంచితిని. నా తప్పిదము అక్కడనే మొదలాయెను.

మరుసటి యేడు మా ఊరి మందిరము వెనుకగదిలో అట్టి కూటమే పెట్టించితిమి. పట్టణమునుండి ఒక కౌన్సిలరు అమ్మాయి ఆరు శనివారములు వచ్చెను. మా ఊరి నర్సమ్మ తోడుండెను. దారిఖర్చులకును, టీకిని సంఘ పెద్దలు డబ్బిచ్చిరి. అది వానకు కారుచున్న బడి పైకప్పుకొరకు దాచిన డబ్బు. “దీనివలన నిజముగా ప్రయోజనమున్నదో లేదో నీవు వ్రాసి యిమ్మమ్మా. ఉన్నయెడల చుట్టుప్రక్కల నాలుగు ఊళ్లలో పెట్టింతుము” అని అయ్యగారు నాతో చెప్పిరి.

మొదటి శనివారము 14 మంది వచ్చిరి. కడపటి శనివారము 9 మంది మిగిలిరి. ఆ దినమున ఒక్కొక్కరు లేచి సాక్ష్యము చెప్పిరి. సాక్ష్యము చెప్పుట మన సంఘములలో చిన్ననాటినుండి అలవాటు గదా! అందరికంటె చక్కగా మాటలాడినది నా మరదలు, మా తమ్ముని భార్య. ఆమెకు బస్సు ఎక్కుటయన్నను, జనములో నిలువబడుటయన్నను ప్రాణము పోయినట్లుండును. “నా గుండెమీద రాయి తీసినట్లున్నది” అని ఆమె చెప్పగా కౌన్సిలరు అమ్మాయి కండ్లు తుడుచుకొనెను. నేను ఆ రాత్రియే కూర్చుండి, “అందరికిని గొప్ప మేలు కలిగినది” అని నాలుగు పుటల నివేదిక వ్రాసి, నర్సమ్మకు చదివి వినిపించి, అయ్యగారి కిచ్చితిని.

రెండు నెలలు గడిచెను. మరదలి తల్లికి జబ్బు చేసెను. ఆమె ఊరు పన్నెండు కిలోమీటర్లు. మా తమ్ముడు పోయి చూచి వచ్చెను. పిల్లవాడు పోయి వచ్చెను. ఆమె మాత్రము పోలేదు. నేను వారి యింటికి వెళ్లునప్పటికి తలుపు వెనుక ముడుచుకొని కూర్చుండి యుండెను.

“వదినా, బస్సు పేరు వింటేనే కాళ్లు చల్లబడుతున్నాయి. అమ్మ ఏమనుకుంటుందో!” అనెను.

“మరి ఆ రోజు రాయి తీసినట్టుందంటివి గదే?”

“అంత దూరం నుంచి వచ్చి చెప్పింది ఆ పిల్ల. బాగాలేదంటే నొచ్చుకోదా? అయినా అబద్ధం చెప్పలేదు వదినా. అక్కడ కూర్చున్నంతసేపూ బాగానే ఉండేది.”

అక్కడ కూర్చున్నంతసేపు! ఆ మాట నా చెవిలో ఉండిపోయెను. నేను వ్రాసిన నాలుగు పుటలలో ఉన్నదంతయు అక్కడ కూర్చున్నంతసేపటి సంగతియే గాని, ఇంటికి పోయిన తరువాతి సంగతి ఒక్కటియు లేదు.

మరునాడు నేను మధ్యలో మానివేసిన ఆ అయిదుగురి యిండ్లకు పోయితిని. బడిలో పిల్లలు రాకపోయిన యెడల ఇంటికి వెళ్లి విచారించు పంతులమ్మను, ఇక్కడ ఆ పని చేయనే లేదు. ఒకామె పత్తి తీయుటకు పోయినందున రాలేదు. ఆమె బాగుగనే యుండెను. ఒకామె తన సంగతి ఊరిలో పొక్కునని మానివేసెను. ఒకామె తన వంతు వచ్చినప్పుడు అందరి యెదుట మాటలాడవలెనన్న భయముచేతనే మానివేసెను. ఒక పడుచువాని ఇంట తలుపు తీయలేదు. కడపటి ఆమె మునుపటికంటె ఎక్కువ బాధలో నుండెను. “నలుగురికీ తగ్గింది, నాకే తగ్గలేదు. నాలోనే ఏదో లోపముంది” అని చెప్పి, ముఖము త్రిప్పుకొనెను. మేలు పొందినవారు లేచి సాక్ష్యము చెప్పుదురు. పొందనివారు ఇంటిలో కూర్చుందురు. లేచినవారినే లెక్కపెట్టిన లెక్క ఎట్లు సరియగును?

అయ్యగారి యొద్దకు పోయి నా కాగితములు తిరిగి అడిగి, ఆయన యెదుటనే చింపివేసితిని. తరువాత కౌన్సిలరు అమ్మాయికి సంగతియంతయు తెలిపితిని. ఆమె నొచ్చుకొనలేదు. మరుసటి శనివారమే వచ్చి, లోకములో ఇట్టి పని ఎట్లు తూచి చూతురో ఓపికతో చెప్పెను.

ఇట్టి కూటములు నేటివి కావట. 1905లో అమెరికా దేశమందలి బోస్టను పట్టణములో జోసెఫ్ ప్రాట్ అను డాక్టరు బీదలైన క్షయరోగులను వారమునకొకసారి ఒక తరగతిగా కూర్చుండబెట్టెను. అక్కడి ఇమ్మానుయేలు చర్చి దానికి ధనసహాయము చేసెను. రోగులు తమ జ్వరమును, భోజనమును, విశ్రాంతిని దినదినము ఒక పుస్తకములో వ్రాసి తెచ్చెడివారు. కలిసి కూర్చుండుటవలన వారికి ధైర్యము కలుగుట ఆయన చూచెను. ధైర్యముతోపాటు చేతిలో లెక్కపుస్తకముండుట నాకు నచ్చినది.

స్కాట్లండు దేశములో జిమ్ వైట్ అను మనస్తత్వ నిపుణుడు ఆందోళన గలవారికి రాత్రిబడివంటి పెద్ద తరగతులు పెట్టెను. అక్కడ ఎవరును తమ సొంత కథ చెప్పనక్కరలేదు. విని, నేర్చుకొని, ఇంటికి పోయి అభ్యాసము చేయవలెను. 1992లో ప్రచురింపబడిన పరిశోధనలో ఆ తరగతులకు వచ్చినవారిని, ఇంకను తమ వంతుకొరకు వేచియున్నవారితో పోల్చి చూడగా, వచ్చినవారికే ఎక్కువ మేలు కనబడెను. ఇది వినగానే, వంతు వచ్చునని భయపడి మానివేసిన ఆ స్త్రీ నాకు జ్ఞాపకము వచ్చెను.

“వేచియున్నవారితో పోల్చుట ఎందుకమ్మా?” అని అడిగితిని. ఆమె రైతుబిడ్డ, నాకు తెలిసిన మాటలోనే చెప్పెను. “అమ్మా, కొత్త ఎరువు మంచిదో కాదో ఎలా చూస్తారు? ఒక మడికి వేసి, ప్రక్క మడికి వేయకుండా ఉంచుతారు గదా. వాన రెండిటి మీదా కురుస్తుంది. వేసిన మడినొక్కదాన్నే చూస్తే, వాన చేసిన మేలంతా ఎరువు ఖాతాలో వ్రాసుకుంటాం.” నిజమే. మనుష్యులు బాధ మిక్కిలి హెచ్చినప్పుడే సహాయమునకు వత్తురు. ఏమియు చేయకున్నను కొందరికి కొంత తగ్గును. ఆ తగ్గుదలను తీసివేసిన తరువాత మిగిలినదే మన కూటము చేసిన మేలు.

మరియొక పరిశోధన 1998లో అమెరికాలో ప్రచురింపబడెను. జనము నెదుర్కొనుటకు భయపడు 133 మందిని నాలుగు భాగములు చేసి 12 వారములు చూచిరి. ఒక భాగమునకు మందు, ఒక భాగమునకు మందులేని ఉత్త మాత్ర, ఒక భాగమునకు భయపడు పనిని గుంపులో అభ్యాసము చేయించు కూటము, మరియొక భాగమునకు బోధయు ఓదార్పును మాత్రమే గల కూటము ఇచ్చిరి. మందు త్వరగా పనిచేసెను. అభ్యాసపు కూటము, ఉత్త ఓదార్పు కూటముకంటె ఎక్కువ మేలు చేసెను. రెండును కూటములే, రెంటిలోను కలిసి కూర్చుండిరి. ఫలితము మాత్రము ఒక్కటి కాదు. మా వెనుకగదిలో ఆరు శనివారములు మేము చేసినది రెండవ రకమని నాకప్పుడు తెలిసెను. టీ త్రాగితిమి, చెప్పుకొంటిమి, ఏడ్చితిమి. బస్సు మాత్రము ఎవరును ఎక్కలేదు.

అతిగా ఆశపడరాదని కూడ ఆమె చెప్పెను. ఇంగ్లండులో 57 పాఠశాలలలో 16 మొదలు 18 ఏండ్ల పిల్లలు 900 మందితో ఒక పెద్ద పరిశోధన జరిగి, 2024లో దాని ఫలితము వెలువడెను. ఒక్క దినపు శిక్షణ పొందిన పిల్లలను ఆరు నెలల తరువాత చూడగా, పొందనివారికంటె కొంత మేలుగా నుండిరి. కొంతయే గాని గొప్పగా కాదు. వారు కడపటి గంటలో చప్పట్లు వినిపోక, ఆరు నెలలు ఆగి అడిగిరి. నేను ఆ రాత్రియే వ్రాసితిని.

కాబట్టి రెండవసారి వేరుగా చేసితిమి. 2006లో డాక్టర్లు తయారుచేసిన ఏడు ప్రశ్నల పట్టిక యొకటి ఉన్నది. గడచిన రెండు వారములలో దిగులు, కలవరము, చిరాకు మొదలగునవి ఎన్ని దినములు బాధించెనో అడిగి, ప్రతి ప్రశ్నకు సున్న మొదలు 3 వరకు అంకె వేయుదురు. మొత్తము 21. పదియైనను, అంతకు మించినను డాక్టరు చూడవలసినదని అర్థము. ఆ ప్రశ్నలను నేను అడుగలేదు, కౌన్సిలరు అమ్మాయియు అడుగలేదు. మేము నొచ్చుకొందుమని మంచిమాట చెప్పుదురు గదా! నర్సమ్మ ఒంటరిగా అడిగెను. మొదట ఒకసారి, ముగిసినప్పుడు ఒకసారి, మూడు నెలలకు మరల ఒకసారి. పేరిచ్చినవారిలో సగముమందిని చీట్లు వేసి ముందు పిలిచితిమి; తక్కినవారు రెండవ విడతకు ఆగిరి. మానివేసినవారి యిండ్లకు ఆ వారమే పోయితిమి. సొంతకథ చెప్పుట ఎవరి యిష్టము వారిదే. మూడవ శనివారమునుండి గదిలో కూర్చుండక బస్టాండుకు పోయితిమి. మొదట దూరముగా నిలువబడుట, తరువాత ఆగియున్న బస్సెక్కి దిగుట, తరువాత ఒక స్టేజి పోయి వచ్చుట.

ఫలితము దాచక చెప్పుదును. వచ్చినవారిలో సగముమందికి పైగా అంకెలు బాగుగా తగ్గెను. వేచియున్నవారికిని కొంత తగ్గెను. వాన రెండు మళ్లమీదను కురిసినది. ఇద్దరికి ఏమియు తగ్గలేదు. వారిని జిల్లా ఆస్పత్రికి పంపితిమి. అందులో ఒకామె, తనలోనే లోపమున్నదని ముఖము త్రిప్పుకొన్న ఆమెయే. ఇప్పుడు మందు వాడుకొనుచు, మనుపటివలె పాలు పోయుటకు కేంద్రమునకు పోవుచున్నది.

నా రెండవ నివేదిక ఒక్క పుట. “అభ్యాసము చేయించిన యెడల అనేకులకు మేలగును, అందరికి కాదు. నర్సమ్మయు, డాక్టరుయొద్దకు దారియు లేకుండ పెట్టరాదు” అని వ్రాసితిని. పెద్దలు సగము డబ్బు బడి కప్పునకు ఉంచి, సగముతో రెండు ఊళ్లలో మాత్రము పెట్టించిరి. అది సరియైన తీర్పని నా నమ్మకము.

చదువరులారా, మీ సంఘములో నెవరైన గుండెదడతో, నిద్రలేక, గడప దాటలేక యున్నయెడల, నీకు విశ్వాసము చాలదని వారితో అనకుడి. మొదట డాక్టరుకు చూపించుడి. ప్రభుత్వమువారు 2022లో మొదలుపెట్టిన టెలి మానస్‌కు 14416 అను నంబరున రాత్రింబగళ్లు ఉచితముగా తెలుగులో మాటలాడవచ్చును. మీ ఊరిలో ఇట్టి కూటమేదైన జరిగిన యెడల, ముగిసిన దినమున బాగున్నదా అని అడిగి ఊరకుండకుడి. మూడు నెలలు ఆగి, రానివారిని కూడ కలిసికొని, మునుపు చేయలేనిది ఇప్పుడేమి చేయుచున్నారో అడుగుడి.

నా మరదలి అంకె 16 నుండి 9కి దిగెను. అంకె అట్లుండనిండి. మొన్న సంక్రాంతి ముందు ఆమె తన తల్లియొద్దకు పోయి వచ్చెను. ఒంటరిగా కాదు, ప్రక్కింటామె తోడు వెళ్లెను. తిరిగివచ్చి చెప్పిన మాట నేను నివేదిక చివర వ్రాసితిని.

“చేతులు చెమటలు పట్టాయి వదినా. కానీ దిగలేదు.”