ఆషాఢం, వానలు, గోమార్లు

తొలకరి పడింది. నేరేడుపళ్ల బండ్లు వీధి మలుపుల్లో నిలబడ్డాయి. గోల్కొండలో బోనాలు మొదలయ్యాయి, లష్కర్ వంతు ఇంకా రావాలి. మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో మాత్రం గోరింటాకు చేతులకన్నా కుక్కల చెవుల ఫొటోలే ఎక్కువ. గోమార్లొచ్చాయండీ! కోస్తా వైపు పిడుదులంటారే, అవే.

మూడో అంతస్తు పిన్నిగారు వాళ్ల లాబ్రడార్‌ను మెట్ల మీద కూర్చోబెట్టి చెవి తిరగేసి చూపించారు. రక్తం తాగి బొబ్బర గింజంత ఉబ్బి, బూడిదరంగులో ఆడది. పక్కనే బల్లపరుపుగా, ముదురు గోధుమరంగులో మగది. కాలివేళ్ల సందులు, చంకలు, మెడపట్టీ కింద వెతికితే ఇంకొన్ని.

సలహాలకేం కొదవ! ఒకాయన కిరసనాయిలు రాయమంటాడు, ఇంకొకావిడ అగరొత్తితో చురక పెట్టమంటుంది. ఒకటి కుక్క తోలు కాలుస్తుంది, నాకితే కడుపులోకీ పోతుంది. రెండోదానికి గోమారి ఊడకపోగా నోట్లోది పుండులోకి కక్కుతుంది. సన్నమూతి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలిపెట్టకుండా తిన్నగా లాగి స్పిరిట్ సీసాలో వేయండి. గోళ్లతో మాత్రం చిదమకండి.

అయినా కుక్క మీద కనిపించేవి కొన్నే. అసలు మంద ఇంట్లో ఉంటుంది. తాగడం అయ్యాక ఆడది కిందికి దిగి గోడ పగుళ్లలోనో, గుమ్మం సందులోనో దూరి వేలల్లో గుడ్లు పెట్టి చస్తుంది. ఆరుకాళ్ల పిల్లలు కుక్కనెక్కి తాగి దిగుతాయి, పొర విడిచి ఎనిమిది కాళ్లతో మళ్లీ ఎక్కుతాయి. పెద్దవయ్యాక మూడోసారి. మధ్యలో తిండి దొరక్కపోయినా నెలల తరబడి కాచుక్కూర్చుంటాయి. అందుకే షాంపూ స్నానం చేయించి పనైపోయిందనుకుంటే రెండు వారాలకు మళ్లీ గోకుడే. పగుళ్లు పూడ్చాలి, పరుపు వేడినీళ్లలో ఉతకాలి, మందు నెలనెలా పడాలి. మెడ వెనక వేసే ఫిప్రోనిల్ చుక్కలైతే ముందూ వెనకా రెండ్రోజులు స్నానం వద్దు. నమిలే మాత్రల్లో నెలకొకటి వేసేవీ, పన్నెండు వారాలు పనిచేసేవీ ఉన్నాయి. బరువును బట్టి ఏది వేయాలో పశువుల డాక్టరు చెబుతారు. ఇంట్లో పిల్లి కూడా ఉంటే పెర్మెత్రిన్ కలిసిన మందుల జోలికే పోకండి, దానికి విషం.

ఇదంతా దురద కోసం కాదు. గోమారి కాటుతో ఎర్లీషియా, బబేసియా అనే జబ్బు క్రిములు ఒంట్లో చేరతాయి. జ్వరం, తిండి మానేయడం, చిగుళ్లు పాలిపోవడం, ఒక్కోసారి ముక్కునుంచి రక్తం. అలా కనిపిస్తే ఆరోజే రక్తపరీక్ష చేయించండి. ఎర్లీషియాకు డాక్సీసైక్లిన్ సాధారణంగా నాలుగు వారాలు వాడమంటారు. వారానికే కుక్క గిన్నె నాకేస్తోందని మాత్రలు ఆపేసే ఘనులు ప్రతి వీధిలోనూ ఉన్నారు.

ఇంకో కబురు. జూలై 6న జూనోసిస్ దినం, అంటే జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినం. 1885లో అదే రోజున పాశ్చర్ తొలిసారి ఓ పిల్లవాడికి పిచ్చికుక్క కాటుకు టీకా వేయించాడు. ఆ రోజు మన సర్కారీ పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకా వేస్తుంటారు. పెందలాడే వెళ్లండి, గొలుసు పొట్టిగా పట్టుకోండి. వరసలో మీ ముందున్న కుక్క అదేపనిగా గోక్కుంటుంటే కాస్త ఎడంగా నిలబడండి.