కాస్త అడ్జస్టవ్వండి!

టెక్కలిలో పలాస బస్సెక్కగానే వినిపించే ఇంగ్లీషు మాటేమిటో చెప్పుకోండి చూద్దాం! "అప్పా, కాస్త అడ్జస్టవ్వండి!" ఇద్దరి సీట్లో ముగ్గురం సర్దుకుంటాం. టైలరు జాకెట్టు వదులు చేసినా అడ్జస్టే, కిరాణాకొట్లో చిల్లరకి బదులు చాక్లెట్టు ఇచ్చినా అడ్జస్టే. అత్తారింటికెళ్ళే పిల్లకి మనం మూటగట్టి ఇచ్చేదీ ఆ మాటే!

మొన్న మా అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, ఇంకా ఎంతని అడ్జస్టవ్వను?" అంది. ఏం చెప్పాలో తోచలేదు. ఆ రాత్రి నిఘంటువు తీశాను. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకొచ్చిన ఈ మాటకి మూలం లాటిన్‌లో ‘పక్కన’ అనే అర్థమున్న ‘యుక్స్‌టా’ అట. అంటే మొదట్లో దగ్గరకి చేర్చడమే! తర్వాతెప్పుడో జనం పొరబడి, న్యాయమైన అనే అర్థమున్న ‘యూస్టుస్’తో కలిపేసుకున్నారట. ఆ పొరపాటూ మంచిదే అనిపించింది.

చూశారా, ఒక్కరే నలిగిపోవడమన్నది ఆ మాటలో ఎక్కడా లేదు. బస్సులోనూ అంతే కదండీ! తలా కాస్త జరిగితే మూడో మనిషికి చోటు దొరుకుతుంది. ఒక్కరే జరుగుతూ పోతే సీటు మీంచి కింద పడతారు.

మర్నాడే అమ్మాయికి ఫోన్ చేసి, "అల్లుడుగారిని కూడా కాస్త జరగమను" అన్నాను. మీరేమంటారు?