వరస

పోయినేడాది, ఆకులు రాలే రోజుల్లో, నాన్న మా దగ్గరికి వచ్చినప్పుడు అనాపొలిస్ తీసుకెళ్లాను. అక్కడి నేవల్ అకాడమీ శ్మశానంలో జాన్ మెకేన్ సమాధి ఉంది. 2018 సెప్టెంబరు 2న, తనతో చదువుకున్న చక్ లార్సన్ పక్కనే ఆయన్ని ఖననం చేశారు.

"ఒబామా మీద ఓడిపోయినాయన కదూ?" అన్నాడు నాన్న.

"అంతకుముందు నేవీ పైలట్," అన్నాను. నాన్న అక్కడే నిలబడి, చెప్పమన్నట్టు చూశాడు.

తాతా తండ్రీ ఇద్దరూ అడ్మిరల్సే. ఇద్దరి పేరూ జాన్ మెకేనే. 1945 సెప్టెంబరు 2న టోక్యో అఖాతంలో జపాన్ లొంగిపోవడం కళ్లారా చూసిన తాత, నాలుగు రోజులకే చనిపోయాడు. మనవడు ఇదే అకాడమీలో 1958లో చదువు పూర్తి చేశాడు, 899 మందిలో 894వ వాడిగా.

1967 అక్టోబరు 26న హనోయిలోని విద్యుత్కేంద్రం మీద బాంబులు వేయడానికి వెళ్లాడు. అది జనం మసిలే ఊరు. ఆ సంగతి మరిచిపోయి ఈ కథ చెప్పకూడదు. క్షిపణి తగిలి విమానం రెక్క ఊడిపోయింది. రెండు చేతులూ ఒక కాలూ విరిగి, ట్రుక్ బాక్ చెరువులో పడ్డాడు.

మరుసటేడు తండ్రి పసిఫిక్‌లోని అమెరికా బలగాలన్నిటికీ అధిపతి అయ్యాడు. కొడుకుని వదిలేస్తామన్నారు వియత్నాం వాళ్లు. ఖైదీల మధ్య ఒక కట్టుబాటుంది: ముందు చిక్కినవాడు ముందు వెళ్లాలి. మెకేన్ కంటే ముందు చిక్కినవాళ్లు చాలామందే ఉన్నారు. వెళ్లనన్నాడు. ఆ తర్వాత చిత్రహింసలు పెట్టారు. కొన్నాళ్లకి తట్టుకోలేక, నేరం ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాడు. ఆ సిగ్గు గురించి తర్వాత తనే దాచుకోకుండా రాశాడు. 1973 మార్చి 14న బయటికొచ్చాడు. ఆ చేతులు మళ్లీ తలదాకా లేవలేదు. జుట్టు ఇంకొకరు దువ్వాల్సిందే.

"మరి తండ్రి ఏం చేశాడు?" అన్నాడు నాన్న.

"కొడుకున్న దేశం మీద యుద్ధం నడిపించాడు. క్రిస్మస్‌కి మాత్రం ఉత్తర సరిహద్దు దగ్గరున్న సైనికుల్ని చూడ్డానికి వెళ్లి, కాసేపు ఒక్కడే అటువైపు చూస్తూ నిలబడేవాడట."

నాన్న ఇంకేమీ అడగలేదు.

నా మొదటి ఉద్యోగం నాన్న మాటసాయంతో వచ్చింది. జాబితాలో నా పేరు కిందెక్కడో ఉండేది. ఆయన ఎవరికో ఒక ఫోన్ చేశాడు, పేరు పైకొచ్చింది. అమ్మ పాయసం చేసింది. ఆ ఫోన్ గురించి మేమిద్దరం ఇరవై ఏళ్లుగా ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అక్కర్లేదనుకున్నాను. అందరూ చేసేదే కదా అని కూడా అనుకున్నాను. మెకేన్ గురించి మొదటిసారి చదివినప్పుడు నన్ను పట్టుకున్నది ఆయన ధైర్యం కాదు, ఆ వరస. తనకంటే ముందున్నవాళ్లు ఆయనకి కనిపించారు. నాకు కనిపించలేదు, నేను చూడలేదు కాబట్టి.

తిరిగొస్తుంటే కారులో నాన్న చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఇల్లు దగ్గరపడుతుండగా అన్నాడు:

"ఆ జాబితాలో నీకంటే పైనున్న అబ్బాయి పేరు నాకింకా గుర్తుందిరా."

"చెప్పు నాన్నా," అన్నాను.

చెప్పాడు. ఆ పేరు నేను వినడం అదే మొదటిసారి.