సహాధ్యాయుల పాలు

విద్యలో నాలవపాలు గురువువలనను, నాలవపాలు తన బుద్ధివలనను, నాలవపాలు తోడి విద్యార్థులవలనను, తక్కినపాలు కాలక్రమమునను లభించునని మన పెద్దలు చెప్పుదురు. ఉన్నతపాఠశాలలో ముప్పదినాలుగేండ్లు తెలుగు పండితుడనై యుండి, ఈ మాటను ఏటేట పిల్లలకు చెప్పితిని. చెప్పుటయే గాని, ఆ మూడవపాలు నాకును రావలసి యున్నదని యెన్నడును తలంపనైతిని. అది నాకు అఱువదిమూడవయేట చేతి కందినది. అందిన విధమును, దానివలన నే నెఱిగిన నా లోపమును చదువరులకు విన్నవింపదలచితిని.

చిన్ననాటినుండియు నాకు పరభాషలపై మక్కువ మెండు. తమిళ వ్యాకరణము చదివితిని; కన్నడ లిపి పట్టుపఱచుకొంటిని; హిందీ నిఘంటువును పుటలు పుటలుగ వల్లించితిని. ఇంత చేసియు, ఒకమాఱు కాంచీపురము బస్సుస్టాండులో వేలూరుబస్సు ఏదని యడుగబోయి, వాక్యమును మనస్సులో కూర్చుకొనుచుండగనే ఆ బస్సు కదలిపోయినది. నా భాషలన్నియు బీరువాలోని పట్టుబట్టలవలె నుండెను. మడత చెడునను భయముచే కట్టుకొనుటయే లేదు.

వినుట వేఱు, పలుకుట వేఱు. కెనడాదేశమున ఇంగ్లీషువారి పిల్లలు ఫ్రెంచిభాషలోనే పాఠములు వినుచు పెరిగినను, వారికి విని గ్రహించుటలో కుదిరిన నేర్పు పలుకుటలోను వ్రాయుటలోను కుదరలేదని మెరిల్ స్వేన్ అను విదుషి 1985లో తెలిపెను. తన భావమును తానే వాక్యముగ కూర్చి యెదుటివారికి తెలియజేయవలసిన యక్కఱ కలిగిననే గాని భాష నోటికి రాదని ఆమె సిద్ధాంతము. ఇది మనకు క్రొత్తసంగతి గాదు. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి, సవరభాష నేర్వదలచి, తెలుగు వచ్చిన యొక సవరను తమ యింటనే యుంచుకొని ఆయనతో మాటలాడి నేర్చుకొనిరి. పంతులుగారి సవర వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను అచ్చయినవి. అంతటి పండితుడు కొండవాని యెదుట తప్పులు పలుకుటకు సిగ్గుపడియున్నచో ఆ గ్రంథములు పుట్టియే యుండవు. నా యీ గ్రాంథికపు వ్రాతను చూచిన పంతులుగారు నన్ను మందలించియుందురు. అది వేఱు మాట.

2020వ సంవత్సరము మార్చినెలలో దేశమంతయు తలుపులు మూసికొని కూర్చున్నపుడు, బెంగుళూరిలోని మా కుమారుడు నా ఫోనులో ఏవో సవరణలు చేసి, నావలెనే భాషలు నేర్చుకొనువారి గుంపులో నన్ను చేర్చెను. మొదట పదునొకండుగురము. కొలదిమాసములలో ఆఱుగురు జాఱిపోయిరి. నిలిచినవారము అయిదుగురము: రాజమహేంద్రవరమున నేను, కోయంబత్తూరులో బ్యాంకు ఉద్యోగిని యొకతె, ధారవాడలో తపాలా ఉద్యోగము విరమించిన పెద్దమనిషి, త్రిశ్శూరులో ఒక నర్సు, కాన్పూరులో వాణిజ్యశాస్త్రము చదువు కుఱ్ఱవాడు.

ప్రతి ఆదివారము సాయంకాలము ఏడుగంటలకు ఫోనుతెరపై ముఖములన్నియు చిన్నచిన్న గళ్లలో కనబడును. గంటన్నరసేపు సభ, అరగంట కొక భాష. ఎవరి భాష జరుగుచుండునో అప్పటికి వారే యింటివారు, తక్కినవారు అతిథులు. నియమములు మూడు. అతిథి వాక్యము ముగించువఱకు ఇంటివారు నోరు మెదపరాదు. తప్పులను కాగితముపై వ్రాసికొని, అరగంట గడచిన పిదప మూడింటిని మాత్రమే చెప్పవలెను. ఎంత యిబ్బంది కలిగినను ఇంగ్లీషుచాటునకు పోరాదు. మొదటి రెండు నియమములును నాకు కడు కష్టముగ తోచినవి. ఎఱ్ఱసిరా కలముతో బ్రదికినవానికి తప్పు విని యూరకుండుట ఉపవాసమువంటిది.

తొలినాడు నేను గ్రంథములో నేర్చినట్లు "నాన్ వరుగిఱేన్" అంటిని. కోయంబత్తూరు ఉద్యోగిని నవ్వక, అది వార్తలు చదువువారి తమిళమనియు, తమ యింట "నాన్ వర్రేన్" అందురనియు చెప్పెను. తమిళము నాకు కావలెనను తలంపుతో "తమిళ్ ఎనక్కు అవసరం" అంటిని. తమిళమున అవసరమనగా తొందర. "తొందర యెందులకు? మెల్లగా రానిండు" అని ఆమె న న్నోదార్చెను. వేఱొకనాడు త్రిశ్శూరు నర్సు తెలుగున "నాకు సంసారం చాలా ఇష్టం, డ్యూటీ వల్ల తీరిక లేదు" అనగా మేము తెల్లబోతిమి. మలయాళమున సంసారమనగా సంభాషణము. ఒకే సంస్కృతపదము ఇంటింట వేఱు కాపురము చేయుచున్నదని ఏ నిఘంటువును నాకు ఇంత చక్కగ తెలుపలేదు.

కాన్పూరు కుఱ్ఱవాడు నన్ను గౌరవింపదలచి యొకనాడు తెలుగున, "మాస్టారు ముప్పై నాలుగేళ్లు పిల్లలకు శిక్ష ఇచ్చారు" అనెను. హిందీలో శిక్షయనగా చదువు. అందఱితోపాటు నేనును నవ్వితిని. వంటయింటి గడపకడ నిలిచి వినుచున్న నా భార్య మాత్రము నవ్వలేదు. "ఆ అబ్బాయి తప్పేమీ చెప్పలేదండీ" అని లోపలికి పోయినది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎన్నడో మఱచిన సంగతి యొకటి కన్నులయెదుట నిలిచినది. 1981లో మా వివాహమైననాటికి ఆమె దక్షిణభారత హిందీ ప్రచార సభవారి మధ్యమ పరీక్షలో తేఱియుండెను. పుస్తకములు కొన్ని తనతోకూడ అత్తవారింటికి తెచ్చుకొనినది. 1983లో కాబోలును, ఉత్తరదేశమునుండి దంపతు లిరువురు మా యింటికి విందునకు వచ్చిరి. గాలి చాలునా యని వా రడుగకయే, ఆమె ఆదరముతో "ఖిడ్కీ ఖులా హై" అనినది. నేను వెంటనే, "ఖిడ్కీ స్త్రీలింగము, ఖులీ అనవలె. మధ్యమ ఎట్లా ప్యాసయినావే?" అంటిని. అతిథులు మర్యాదకై నవ్విరి. ఆమెయు నవ్వినది. ఆనాటినుండి ఆమె నోట హిందీముక్క నేను వినలేదు. వినలేదను సంగతి గూడ నాకు ముప్పదియేడేండ్లవఱకు తట్టలేదు. తరగతిలో పదుగురి నడుమ నే నిట్లు దిద్దిన పిల్లలలో ఎందఱు నోరు మూసికొనిరో! తప్పును దిద్దితిని గాని, మనిషిని మూగను చేసితిని. దీనికి శిక్షయను పేరు తగకపోలేదు.

ఇంతతో నా పాఠము ముగియలేదు. మఱియొక ఆదివారము తెలుగు అరగంటలో నా భార్య కాఫీగ్లాసు తెచ్చి బల్లపై పెట్టెను. "మా ఆవిడ కాఫీ తెచ్చింది" అని నేను తెరవైపు తిరిగి చెప్పితిని. కోయంబత్తూరు ఉద్యోగిని కొంతసే పాలోచించి, "సార్, బస్సు వచ్చింది, ఆవు వచ్చింది, ఆవిడ వచ్చింది... మూడింటికీ ఒకటే మాటా? మాకు ఆడవాళ్లకు వేరే ఉంది, వందాళ్ అంటాం" అనెను. ధారవాడ పెద్దమనిషి తమకును "బందళు" గలదని బలపఱచెను. నేను చిన్నయసూరి బాలవ్యాకరణము (1858) తెఱచినట్లే మహద్వాచకములు, అమహద్వాచకములు అని బోధింపసాగితిని. ఏకవచనమున స్త్రీకి క్రియ పశుపక్ష్యాదులతోడిదే యనియు, బహువచనమున మాత్రము పురుషులతో సమముగ "వచ్చినారు" అనుట కలదనియు వివరించితిని. ఆమె శ్రద్ధగా వ్రాసికొని, "అయితే గౌరవంగా చెప్పాలంటే తెచ్చారు అనాలి. మీరు ఎందుకు అనలేదు?" అని యడిగెను. ఆ ప్రశ్నలో ఆక్షేపణము లేదు. విద్యార్థిని సందేహము మాత్రమే. నాకు ప్రత్యుత్తరము తోచలేదు. నా భార్య యింకను బల్లకడనే నిలిచియుండెను.

నా జీవితమంతయు ఈ సూత్రములను బోధించియు, సూత్రమునకును మా యింటికిని గల సంబంధమును నే నెన్నడును చూడలేదు. భాషలో పుట్టి పెరిగినవానికి దాని గోడలు కనబడవు. క్రొత్తగా వచ్చినవాడు తల తగిలించుకొనినపుడే ఇక్కడ నొక దూలమున్నదని తెలియును. గురువు చూపజాలని దానిని, పుస్తకము చూపజాలని దానిని, నాతోపాటు తడబడు సహాధ్యాయిని చూపెను. వ్యాకరణమును మార్చుట నా చేతిలో లేదు; ఇంటి మర్యాదను మార్చుకొనుట నా చేతిలోనిదే.

మఱునాటినుండి నేను "మీరు", "వచ్చారు" అని పిలువ మొదలిడితిని. రెండుదినములు చూచి ఆమె నవ్వి, "ఈ వయసులో నాకు బహువచనం ఎందుకండీ? నేను మాట్లాడేటప్పుడు మధ్యలో ఆపకుండా ఉంటే అదే పదివేలు" అనెను. సంస్కరణమునుగూర్చి నేను చదివిన వ్యాసములన్నిటికంటె ఈ మాట నాకు సూటిగ తగిలినది. బహువచనము నిచ్చుట సులభము; వాక్యము ముగియువఱకు ఓపికపట్టుట కష్టము.

"అయితే ఆదివారం నువ్వు కూడా కూర్చో. ఆ గుంపులో ఎవరూ ఆపరు, నియమం" అంటిని. ఆమె వెంటనే ఒప్పుకొనలేదు. నాలుగు వారములు గడపకడనే నిలిచి వినినది. అయిదవవారము కుర్చీ జరుపుకొని నా ప్రక్క కూర్చుండి, కాన్పూరు కుఱ్ఱవానితో ఆవకాయ పెట్టు విధమును హిందీలో చెప్ప నారంభించెను. మొదటి నిమిషములోనే లింగదోషములు మూడు దొర్లినవి. నా నాలుక దురదపెట్టినది. చేతులు కట్టుకొని యూరకుంటిని. కుఱ్ఱవాడు తల యూపుచు వినుచుండెను. ఆవపిండి పాళ్లు, నూనె, ఉప్పు, మూడవనాడు తిరుగగలుపుట, అన్నియు చెప్పి ముగించుటకు పదునెనిమిది నిమిషములు పట్టినది. ఇంత దీర్ఘమైన హిందీ ప్రసంగమును నిఘంటువు వల్లించిన నే నెన్నడును చేయలేదు. చివర అతడు మూడు తప్పులు చెప్పగా, ఆమె కళ్లజోడు పెట్టుకొని కాగితముపై వ్రాసికొనినది.

ఈ విధముగ నేర్చుకొనుటలో లోపములు లేకపోలేదు. వాన కురిసిననాడు గొంతులు తెగిపోవును. ఇద్దఱు నేర్చుకొనువారు ఒకరి తప్పు నొకరు పుచ్చుకొనుటయు కలదు. క్రమముగ నేర్వగోరువారికి గురువును గ్రంథమును ఉండియే తీరవలెను. ఇది నాలవపాలే గాని నాలుగు పాళ్లు గాదు. అయినను పెద్దలు చెప్పిన ఆ పాలు మన యిండ్లలో ఎందఱికి అందుచున్నది? భార్య మాట, పిల్లల మాట, పనిమనిషి మాట ఎన్ని తప్పులున్నను తుదివఱకు వినువారు ఎందఱు? చదువరులు తమ యింటనే యొక అరగంట ఈ మూడు నియమములను పెట్టి చూడవలెనని నా ప్రార్థన.

మొన్నటి ఆదివారము ధారవాడ పెద్దమనిషి "మేము", "మనము" అను రెండింటికిని గల భేద మడిగెను. కన్నడమున రెండింటికిని "నావు" ఒక్కటే. నేను సూత్రము చెప్పుటకు గొంతు సవరించుకొనుచుండగా, నా భార్య అందుకొని యిట్లు చెప్పిరి: "మేము అంటే మీరు వాకిట్లో ఉన్నట్టండీ. మనము అంటే లోపలికి వచ్చినట్టు."

నేను వ్రాసికొంటిని.