దేవుడికి సోది నేర్పిందెవరు?

పురాణాల్లో మన వాళ్లు లేరని ఎవరన్నా అంటే ఆ మాట నమ్మొద్దు. ఉన్నాం. రామాయణంలో గుహుడున్నాడు, శబరి ఉంది. భారతంలో ఏకలవ్యుడున్నాడు. శ్రీకాళహస్తి కథలో తిన్నడున్నాడు. అహోబిలం నరసింహస్వామి పక్కన చెంచులక్ష్మి ఉంది. పూరీ జగన్నాథుణ్ణి నీలమాధవుడిగా అడవిలో మొదట కొలిచినవాడు విశ్వావసుడనే శబరుడని అక్కడి కథ. ఇన్ని కథల్లో ఉన్నాం. కానీ ఆ కథల్లో మనం ఏం చేస్తూ కనిపిస్తాం, కథ అయిపోయాక ఏమైపోతాం అని అడిగేవాళ్లు తక్కువ. మన పిల్లలు, వాళ్లకు చదువు చెప్పే మాస్టార్లు, టీచరమ్మలు కలిసి అడగాల్సిన ప్రశ్న అది.

మేం ఎరుకలోళ్లం. కృష్ణ ఒడ్డున చెవిటికల్లు మా ఊరు. మా మగవాళ్లు ఈత బరికెలతో గంపలు, బుట్టలు అల్లారు. పందుల్ని మేపారు. ఆడవాళ్లు బుట్ట చంకన పెట్టుకుని కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట దాకా సోదికి తిరిగారు. ఇంట్లో కుర్రు మాట, వీధిలో తెలుగు మాట. ఇప్పుడు మా పిల్లలకు కుర్రు సగమే వచ్చు, సోది అసలే రాదు. వాళ్లకు తెలిసిన సోది వేరు. ఎవడన్నా పనికిరాని మాటలు మాట్లాడితే ‘సోది ఆపరా’ అంటారు. మా అమ్మమ్మలకు కూడు పెట్టిన విద్య పేరు ఇవాళ తెలుగులో వాగుడుకు పేరైంది. ఆ మాట మా పిల్లలు కూడా నవ్వుతూ అనేస్తున్నారు. అది ఎవరి విద్యో వాళ్లకు తెలియదు.

ఆ విద్యను ఒకసారి సాక్షాత్తూ తిరుపతి వెంకన్నే పట్టుకున్నాడు. వేంకటాచల మాహాత్మ్యంలోని కథ ఇది. వేటకొచ్చిన శ్రీనివాసుడు ఆకాశరాజు కూతురు పద్మావతిని చూశాడు. ఆమె చెలికత్తెలు రాళ్లు రువ్వి తరిమారు. కొండ మీద ఆయన మంచం పట్టాడు, నారాయణవనంలో ఆమె మంచం పట్టింది. పెళ్లి మాట కదపడానికి వకుళమాత బయల్దేరింది. ఈలోగా శ్రీనివాసుడు తనే ఆడవేషం కట్టి, సోది బుట్ట పట్టుకుని రాజుగారి ఊళ్లోకి వచ్చాడు. ఆ ఎరుకలసానిని రాణి ధరణీదేవి లోపలికి పిలిపించుకుంది. కూతురు మనసులో ఏముందో, ఎవరికిచ్చి పెళ్లి చేయాలో ఆమె నోటే విన్నది. విన్నది నమ్మింది. పెళ్లి కుదిరింది. సంస్కృతంలో ఆ మనిషి పుళింద స్త్రీ. తెలుగు హరికథల్లో, బుర్రకథల్లో, సినిమాల్లో ఆమె ఎరుకలసాని.

ఈ కథను మేం చిన్నప్పటి నుంచి విన్నాం, నవ్వుకున్నాం, దేవుడు మనవాడయ్యాడని మురిసిపోయాం. కాస్త ఆగి ఆలోచిస్తే ఇందులో ఇంకో సంగతి ఉంది. దేవుడు ఏ వేషమైనా కట్టగలడు. ముని వేషం ఉంది, రాజు వేషం ఉంది, పంచాంగం పట్టుకున్న బ్రాహ్మణుడి వేషం ఉంది. అవన్నీ వదిలిపెట్టి మా ముసలమ్మ వేషమే ఎందుకు కట్టాడు? మంచం పట్టిన కూతురి కోసం ఏడుస్తున్న తల్లి దగ్గరికి నేరుగా వెళ్లి, ఆమె చెయ్యి పట్టుకుని, ఆమె నమ్మేలా మాట్లాడే మనిషి ఎరుకలసాని కాబట్టి. ఆ నమ్మకం దేవుడు తెచ్చింది కాదు. అది అప్పటికే ఊళ్లలో ఉంది. బుట్ట పట్టుకుని గడప గడపకూ తిరిగిన ఆడవాళ్లు సంపాదించి పెట్టింది.

మరైతే దేవుడికి ఆ వేషం, ఆ మాట, ఆ చెయ్యి పట్టే తీరు ఎవరు నేర్పారు? ఆయన ఎవరి దగ్గరో చూసి ఉండాలి కదా! ఆ మనిషి పేరు కథలో లేదు.

సోది అంటే ఏమిటో తెలియని తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం రెండు మాటలు. ఎరుకలసాని అరుగు మీద కూర్చుని బుట్ట ముందు పెట్టుకుంటుంది. చాటలో బియ్యం పోయిస్తుంది. సోది అడిగే ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, కర్ర తాకిస్తూ దేవతల్ని పిలుస్తుంది. కంచి కామాక్షి, మధుర మీనాక్షి, కాశీ విశాలాక్షి, బెజవాడ కనకదుర్గ వరసగా వస్తారు. మా వైపు పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తప్పకుండా వస్తుంది. బడి గడప తొక్కని ఆడది, కాశీ కంచి చూడని ఆడది, ఆ ఊళ్ల పేర్లూ ఆ తల్లుల పేర్లూ తడబడకుండా చెబుతుంది. తల్లి నోటి నుంచి కూతురి నోటికి వచ్చిన చదువది.

సోదిలో రేపటి సంగతి నిజంగా ఉందా లేదా అని మేం వాదించం. సైన్సు చదివే మీరు దాన్ని నమ్మాలని అసలే చెప్పం. మేం చెప్పేది వేరు. తన ఇంట్లో నోరెత్తలేని కోడలి ఎదురుగా ఒక మనిషి కూర్చుని, ఆమె గోడు సాంతం వినేది. ‘నీ కడుపులో మాట బయటికి రాలేదమ్మా’ అంటే ఆ కోడలి కళ్లు నిండేవి. తిరుపతమ్మను పిలవడం కూడా అందుకే. ఆమె పురాణంలోంచి వచ్చిన దేవత కాదు, ఈ నేల మీద పుట్టిన పిల్ల. అనిగండ్లపాడు ఆడపడుచు, పెనుగంచిప్రోలు కోడలు. అత్తింట ఆరళ్లు పడింది, భర్త గోపయ్యను పులి చంపితే అగ్నిలో కలిసిపోయింది, తర్వాత మునేటి ఒడ్డున దేవతగా నిలిచింది అని చెప్పుకుంటారు. రెండేళ్లకోసారి ఆ అమ్మవారి కొయ్య విగ్రహాలకు రంగులు వేయించడానికి జగ్గయ్యపేట తీసుకెళ్తారు. దారి పొడుగునా జనం ఎదురొస్తారు. కష్టపడ్డ ఆడమనిషిని దేవతను చేసుకోవడం మన జనానికి తెలిసిన విద్య. మేడారంలో సమ్మక్క, సారలమ్మ కూడా అట్లా నిలిచినవాళ్లే. అక్కడ రాతి విగ్రహం లేదు. చిలకలగుట్ట నుంచి కోయ పూజారులు కుంకుమ భరిణగా సమ్మక్కను తెస్తారు, లక్షల మంది మొక్కుతారు.

ఇప్పుడు కథ పక్కన చరిత్ర పెట్టి చూద్దాం. ఎరుకల్లో ఉప్పు ఎరుకలనే శాఖ ఉంది. గాడిదల మీద, ఎడ్ల మీద ఉప్పూ ధాన్యం వేసుకుని సముద్రం ఒడ్డు నుంచి మెట్ట ఊళ్లకు మోసిన వాళ్లు వాళ్లు. రైళ్లొచ్చాయి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, ఆ బేరం పోయింది. బేరం పోయి తిరుగుతున్న జనం మీద సర్కారుకు అనుమానం పుట్టింది. 1871లో తెల్లవాళ్లు నేరస్త తెగల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మార్చి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. మన కృష్ణా జిల్లా అప్పుడు అందులోదే. ఆ చట్టం కింద తెగ మొత్తాన్ని రిజిస్టరులో రాయొచ్చు, వేలిముద్రలు తీసుకోవచ్చు, పూటపూటా హాజరు వేయించొచ్చు, సెటిల్‌మెంటులో పెట్టొచ్చు. స్టూవర్టుపురం అట్లా పుట్టిన ఊరే. చట్టం రద్దయింది 1952లో, స్వాతంత్య్రం వచ్చిన ఐదేళ్లకు.

ఆనాటి పోలీసు రాతల్లో సోదికి తిరిగే ఆడది ఇంటి గుట్టు కనిపెట్టడానికి వచ్చిన దొంగల మనిషి. చూశారా! రాణి ఇంట్లో ఏ వేషాన్ని చూసి తలుపు తీశారో, అదే వేషాన్ని చూసి స్టేషను మెట్లెక్కించారు. ఆ వేషంలో దేవుడుంటే సోది, మా అమ్మమ్మ ఉంటే నేరం. చట్టం పోయినా చూపు పోలేదు. ఊళ్లో ఏదన్నా పోతే ముందు మా ఇళ్ల వైపు చూసే కళ్లు ఇవాళ్టికీ ఉన్నాయి.

మిగతా కథల్ని కూడా ఈ కంటితో చదవండి. ఏకలవ్యుడు బొటనవేలు ఇచ్చాడు. తిన్నడు కన్ను ఇచ్చాడు. శబరి పళ్లు ఇచ్చింది. ఇచ్చినప్పుడే మనల్ని మెచ్చుకున్నారు. కొన్ని చోట్ల ఆ మెప్పు ఆచారంగా నిలిచింది, అదీ చెప్పుకోవాలి. శ్రీకాళహస్తిలో మహాశివరాత్రి బ్రహ్మోత్సవాలకు మొదటి జెండా ఎక్కేది కన్నప్ప కొండ మీదే. అహోబిలం స్వామి పారువేటకు బయల్దేరితే చెంచులు ఆయన్ని తమ అల్లుడిగా చూస్తారు, పల్లకీకి విల్లు ఎక్కుపెట్టి ముచ్చట తీర్చుకుంటారు.

ఇక మన దగ్గరికి రండి. జగ్గయ్యపేటకు ఆ పేరు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తండ్రి జగ్గయ్య మీద వచ్చింది. ఆ జమీందారు చెంచుల్ని విందుకు పిలిచి నరికించాడని, ఆ చోటే కృష్ణ అవతలి నరుకుళ్లపాడు అని, చేసిన పాపం పీడిస్తే అమరావతిలో అమరేశ్వరుణ్ణి ఆశ్రయించాడని తరతరాలుగా చెప్పుకుంటారు. గుడి మిగిలింది, జమీందారు పేరు మిగిలింది. ఆ చెంచుల్లో ఒక్కరి పేరు కూడా ఆ కథలో వినపడదు. దేవుడికి పిల్లనిచ్చిన తెగ వాళ్లది!

అందుకే మాస్టార్లకు, టీచరమ్మలకు ఒక మనవి. శబరి పాఠం చెప్పేటప్పుడు ఎంగిలి పళ్ల దగ్గర ఆగిపోకండి. వాల్మీకి రామాయణంలో ఎంగిలి మాటే లేదు. అక్కడ శబరి మతంగుడి ఆశ్రమంలో తపస్సు చేసి సిద్ధి పొందిన తాపసి. రాముడే ఆమె తపస్సు గురించి అడిగి తెలుసుకుంటాడు. ఎంగిలి పళ్లు తర్వాతి భక్తి కథల్లో వచ్చాయి. భక్తికి అది అందమే కావొచ్చు. కానీ బెంచీ మీద మన పిల్ల కూర్చుని ఉంటుంది. మా పిల్లలు చదివిన ఒక బడిలో నాటకం వేసినప్పుడల్లా శబరి వేషం మా పిల్లకే ఇచ్చేవారు, సీత వేషం ఒక్కసారీ ఇవ్వలేదు. ఆ పిల్లకు రెండు శబరుల సంగతీ తెలిస్తే తల ఎత్తుకుని ఆ వేషం వేస్తుంది, లేదా నాకు సీత వేషం కావాలని అడుగుతుంది. రెండూ మంచివే.

మన కుర్రాళ్లలో కొందరు ఈ దేవుళ్లు మనవాళ్లు కారంటారు. కొందరు మాల వేసుకుని కొండకు వెళ్తారు. కొందరు చర్చికి వెళ్తారు. ఎవరి దారి వాళ్లది, మేం కాదనం. మొక్కేవాళ్లయినా మొక్కనివాళ్లయినా చేయాల్సిన పని ఒకటుంది. ఎరుకలైనా, యానాదులైనా, సుగాలీలైనా, మన ఇళ్లలో ఇంకా కథలు తెలిసిన ముసలివాళ్లు మిగిలే ఉన్నారు. ఏ దేవతను ఏ వరసలో పిలుస్తారు, ఏ ఊళ్లు తిరిగారు, ఎవరింటి అరుగు మీద కూర్చున్నారు, ఎవరు గింజలు పోశారు, ఎవరు తరిమారు, అన్నీ అడగండి. చేతిలో ఫోనుంది, రికార్డు చేయండి. తర్వాత నోటుపుస్తకంలో రాయండి. కుర్రు మాటలు వస్తే కుర్రులోనే తెలుగు అక్షరాలతో రాయండి. పక్కన చెప్పినామె పేరు, ఆమె తల్లి పేరు, ఊరు పేరు రాయండి. వెంకన్న కథలో రాయకుండా వదిలేసిన పేరు అదే. ఈ వేసవి సెలవుల్లో మొదలుపెట్టండి. సోది తెలిసినవాళ్లు ప్రతి ఏడూ తగ్గిపోతున్నారు.