గజ్జెలూ, గ్లూకోజు డబ్బా

మా మేనకోడలికి పద్నాలుగేళ్ళు. ఏడేళ్ళుగా కూచిపూడి నేర్చుకుంటోంది. రెండేళ్ళ క్రితం టైప్ 1 డయాబెటిస్ అని తేలింది. మనలాంటి సాఫ్ట్‌వేర్ జీవులకి కూర్చుని కూర్చుని, బిర్యానీలు తిని వచ్చే రకం కాదిది. ఇన్సులిన్ తయారుచేసే కణాలని ఒంట్లోని రక్షణ వ్యవస్థే నాశనం చేసేస్తుంది. స్వీట్లు తినడానికీ దీనికీ సంబంధం లేదు. (ఈ ముక్క మా బంధువులకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.) రోజుకి నాలుగు సూదులు, జీవితాంతం.

మా అక్క ఈ సంగతి బయట ఎవరికీ చెప్పలేదు. "ఆడపిల్ల, రేపు పెళ్ళి చెయ్యాలిరా" అన్నది ఆవిడ లాజిక్కు. డాన్స్ టీచర్‌కి కూడా చెప్పలేదు. అక్కడే వచ్చింది తంటా.

ఓ శనివారం పిల్లని క్లాసు నుంచి తీసుకురావడానికి నేనెళ్ళాను. తరంగం సాధన చేస్తున్నారు. ఇత్తడి పళ్ళెం మీద నిలబడి అడుగు తప్పింది. మళ్ళీ ఎక్కింది, మళ్ళీ తప్పింది. "ధ్యాస ఎక్కడ పెట్టావు?" అని టీచర్ కేకలేశారు. పిల్ల మాట్లాడదు. చేతులు వణుకుతున్నాయి, ఒళ్ళంతా చెమటలు. డాన్సు చేస్తే చెమట పట్టదా అనుకుంటారు ఎవరైనా. పక్కకి తీసుకెళ్ళి వేలికి గుచ్చి చూస్తే 54! 70 కిందకి దిగితేనే లెక్కప్రకారం లో షుగర్.

ఆ రాత్రే అక్క తీర్పు చెప్పేసింది, డాన్సు బంద్ అని. పిల్ల ఏడవలేదు. "స్కూల్లో కూడా ఓసారి ఇలాగే అయింది కదా మావయ్యా, మరి స్కూలు మానిపించలేదేం?" అంది. నా దగ్గర సమాధానం లేదు.

డాక్టర్ గారి దగ్గరికి ఈసారి నేనూ వెళ్ళాను. మానిపించొద్దు, ఒంటికి శ్రమ మంచిదే అన్నారాయన. మామూలు మనిషి డాన్సు చేస్తే ఒంట్లో ఇన్సులిన్ దానంతటదే తగ్గుతుంది. సూదితో వేసుకున్నది తగ్గదు. మన భాషలో చెప్పాలంటే రోల్‌బ్యాక్ లేని డిప్లాయ్‌మెంట్. అందుకని క్లాసుకి ముందు చూసుకోవాలి. 90 కంటే తక్కువుంటే ఏదైనా తీపి తిని, పెరిగాకే మొదలెట్టాలి. 250 దాటి, కీటోన్లు కూడా ఉంటే ఆ రోజు గజ్జె కట్టకూడదు. క్లాసుకి ముందు సూది తొడకి వెయ్యకూడదు, కాళ్ళు ఆడుతుంటే మందు తొందరగా ఒంటికి పట్టేస్తుంది. స్టేజీ టెన్షన్‌కి షుగర్ పెరగొచ్చు కూడా, కంగారుపడి ఎక్కువ మందు వేస్తే అర్ధరాత్రి పడిపోతుంది. (ఇవి మా పిల్లకి చెప్పినవి. మీ పిల్లల లెక్క మీ డాక్టర్‌నే అడగండి.)

మా బావకి క్రికెట్ పిచ్చి. వసీం అక్రమ్‌కి 1997లో ఇదే జబ్బు బయటపడిందనీ, వన్డేల్లో 500వ వికెట్ 2003 ప్రపంచ కప్‌లో తీశాడనీ గుర్తుచేశాను. ఆయన మెత్తబడ్డాడు. అక్కే ఒప్పుకోలేదు. చివరికి టీచర్‌కి చెప్పింది పిల్లే, మాకెవరికీ తెలియకుండా.

టీచర్ చాలాసేపు ఏమీ అనలేదట. మర్నాటి క్లాసుకి నటరాజ విగ్రహం పక్కన ఓ గ్లూకోజు డబ్బా ఉంది. 70 కిందకి పడితే మూడు నాలుగు చెంచాలు, పావుగంట విశ్రాంతి, మళ్ళీ పరీక్ష. నంబర్ చూపించందే పళ్ళెం ఎక్కనివ్వరు. తోటి పిల్లలకీ నేర్పించారు.

ఆలోచిస్తే, మా పిల్లని ప్రమాదంలో పెట్టింది డాన్సు కాదు, మేము దాచిన రహస్యం. మానిటరింగ్ ఆపేసి సర్వర్ బాగానే ఉందనుకునే రకం తెలివితేటలు మావి. పెళ్ళి కోసం దాస్తాం సరే, రేపు అత్తారింట్లో అర్ధరాత్రి షుగర్ పడిపోతే గ్లూకోజు ఎవరు కలుపుతారు?

మొన్న వార్షికోత్సవంలో తరంగం చేసింది. ఇప్పుడు జబ్బకి సెన్సర్ ఉంది, రెండు వారాలకొకటి మార్చాలి, ఖర్చు తక్కువేం కాదు. అది కనిపించకుండా జాకెట్టు చేతులు పొడుగ్గా కుట్టిద్దామంది అక్క. పిల్ల ఒప్పుకోలేదు. సెన్సర్ పైన వంకీ పెట్టుకుని స్టేజీ ఎక్కింది. ముందు వరుసలో కూర్చుని ఫోన్లో నంబర్లు చూస్తూ ఉన్నది మా అక్కే. సగంలో ఫోన్ పక్కన పెట్టేసి పిల్లని చూడటం మొదలెట్టింది.